జామియా చుట్టు గల్లీలు: కిరాయి అర్రల చరిత్ర

ఈ ఏడు సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందని కార్యదర్శిగారు అడిగినప్పుడు గోల్కొండ గురించో చార్మినార్ గురించో అనుకొన్నాను. వాటి మీద వ్రాసినవారు చాలామంది యున్నారు. మన సభ్యులలో చాలామంది ఇండ్లు అడిక్‌మెట్, జమిస్తాన్‌పూర్, ముషీరాబాద్, విద్యానగర్ వైపున ఉన్నవి. ఆ గల్లీలలో మేడమీది అర్రలో ఎవరో ఒక విద్యార్థి లేని ఇల్లు తక్కువ. ఆ అర్రలకు కూడా ఒక చరిత్ర గలదు. అది ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు కనుక ఇక్కడ వ్రాయుచున్నాను.

ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని మన పెద్దలు జామియా అనేవారు. ఆ జామియా మొదట తానే కిరాయిదారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1917లో ఫర్మానా జారీ చేసినారు, 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడినది. 1919లో నిజాం కాలేజీకి దగ్గరలో, గన్‌ఫౌండ్రీ, బషీర్‌బాగ్ ప్రాంతంలో కిరాయి మకాన్లలో పాఠాలు మొదలైనవి. మొదటి ఏడు చేరినవారు 225 మంది, చెప్పేవారు 25 మంది. గన్‌ఫౌండ్రీని మనవాళ్ళు తోప్ కా సాంచా అంటారు. ఫిరంగులు పోసిన చోటికి పక్కనే పిల్లలకు తర్కశాస్త్రం చెప్పినారన్నమాట.

ఉర్దూ మీడియం మాస్టరును గనుక ఈ సంగతి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, క్షమించవలెను. ఇంగ్లీషు ఒక భాషగా తప్పనిసరి అయినా, మిగతా పాఠమంతా ఉర్దూలోనే. దాని కొరకు దారుల్ తర్జుమా అని ఒక అనువాద శాఖ పెట్టి, గణితం, వైద్యం, ఇంజనీరింగు పుస్తకాలన్నీ ఉర్దూలోకి దించినారు. సంస్థానంలో సగానికి దగ్గరగా తెలుగు మాట్లాడేవారే. కనుక ఇంట్లో తెలుగు, కాలేజీలో ఉర్దూ అన్న పద్ధతిలో చదివిన తెలుగు పిల్లలు వేలమంది. తరువాత జ్ఞానపీఠం అందుకొన్న సి. నారాయణరెడ్డిగారు అట్లా ఉర్దూలో చదువుకొన్నవారే. 1948 తరువాత ఈ పద్ధతి పోయి ఇంగ్లీషు వచ్చినది. దాని మంచి చెడ్డలు వేరే సంచికకు ఉంచుదాము.

ఇప్పుడు అసలు ప్రశ్న. జిల్లాల నుండి వచ్చిన ఆ పిల్లలు రాత్రి ఎక్కడ పడుకొన్నారు? చుట్టాలున్నవారు చుట్టాల ఇంట్లో. కొన్ని కులాలవారు తమ పిల్లల కొరకు వసతి గృహాలు కట్టుకొన్నారు. 1918లో, తరువాత కొత్వాలు అయిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిగారి పూనికతో వెలసిన రెడ్డి హాస్టలు వాటిలో పేరు మోసినది. ఏ ఆసరా లేని మన పిల్లవానికి మిగిలినది మసీదు. మెదక్ జిల్లా ఆందోలు నుండి వచ్చిన మఖ్దూం మొహియుద్దీన్ సంగతి చాలామందికి తెలుసు. తరువాత అంత పెద్ద కవి, కార్మిక నాయకుడు అయిన ఆ మనిషి, పట్నం వచ్చిన కొత్తలో మసీదులో తలదాచుకొని, ట్యూషన్లు చెప్పి, బొమ్మలు అమ్మి పొట్ట పోసుకొన్నాడని అతని జీవితం వ్రాసినవారు చెప్పినారు. 1936లో ఎం.ఏ. పూర్తి చేసినాడు. ఆ ఏండ్లలో అతన్ని నిలబెట్టినది స్కాలర్‌షిప్పు కాదు, ఒక చాప పరచుకొనే జాగా.

జాగా పోతే చదువు ఎట్లా పోతుందో 1938 చూపించినది. వసతి గృహాలలో వందేమాతరం పాడినారని విద్యార్థులను వెళ్ళగొట్టినారు. చాలామంది మూటా ముల్లే సర్దుకొని నాగపూర్ వెళ్ళి అక్కడి విశ్వవిద్యాలయంలో చేరవలసి వచ్చినది. రాజకీయం సంగతి అట్లుంచండి. మంచం తీసివేస్తే పిల్లవాడు ఊరే మారవలసి వచ్చినది.

అప్పటికి జామియా సొంత ఇంటికి మారుచున్నది. ఊరి బయట అడిక్‌మెట్‌లో వెయ్యి ఎకరాలకు పైబడిన జాగా తీసుకొని 1934లో పునాది వేసినారు. ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని 1939 డిసెంబరు 4న నిజాం ప్రారంభించినారు. ఈ అడిక్‌మెట్ ఒకప్పుడు కవయిత్రి మహ్ లఖా బాయి చందా జాగీరని చెప్పుకొంటారు. ఇరవై ఏండ్లు కిరాయికి ఉన్న సంస్థ రాతి మహలు కట్టుకొన్నది, సంతోషమే. కాని వసతి గృహాలు ఎన్ని కట్టినా వచ్చే పిల్లలకు ఏనాడూ సరిపోలేదు. మిగిలినవారు గోడ దాటి పక్క గల్లీలలోకి వచ్చినారు.

గల్లీలలో వారికి అర్ర ఎవరిచ్చినారు? 1949లో జాగీర్లు రద్దయినవి. ఉర్దూ దఫ్తర్లలో పని చేసినవారి ఉద్యోగాలు ఎన్నో పోయినవి. పెద్ద మకాను ఉండి చేతిలో పైస లేని ఇండ్లవారు దివాన్‌ఖానాకు అడ్డంగా పరదా కట్టి సగం కిరాయికి ఇచ్చినారని మా ఇంటి పెద్దలు చెప్పేవారు. తరువాత గుమాస్తాలు, మాస్టర్లు, రైల్వే వాళ్ళు చిన్న చిన్న ప్లాట్లు కొని ఇండ్లు కట్టుకొన్నారు. కింద తాముండి, అప్పు తీరేదాకా మీద రేకుల అర్ర ఒకటి వేసి పిల్లలకు ఇచ్చినారు. అంటే ఈ పేట చవకగా ఉండుట ఎవరి దయా కాదు. ఇంటివారికి పైస అవసరం, పిల్లలకు జాగా అవసరం. రెండు అవసరాలు ఒక మెట్ల దగ్గర కలిసినవి.

చవక అంటే ఎట్లా చవకనో చెప్పవలెను. నేను నారాయణపేట నుండి 1999లో ఎం.ఏ. కొరకు వచ్చినాను. మేము ముగ్గురం, అర్ర ఒకటి, కిరాయి ఆరు వందలు, తలకు రెండు వందలు. బియ్యం మూట ఇంటి నుండి బస్సు మీద వచ్చేది. కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం మాత్రం వండి, కూర బయట పొట్లం కట్టించుకొనేవాళ్ళం. ఒక పొట్లం ముగ్గురికి రావాలంటే అందులో నీళ్ళు పోసి మళ్ళీ కాచేది. ఈ విద్య ఏ యూనివర్సిటీలోనూ చెప్పరు. పుస్తకాలు కోఠిలో పాతవి, లేదా ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద. చదువుకొనుటకు చిక్కడపల్లి గ్రంథాలయం. అర్ర కూడా దొరకనివాడు యూనివర్సిటీ హాస్టల్లో స్నేహితుని మంచం కింద పరుపు వేసుకొనేవాడు. వాణ్ణి నాన్ బోర్డర్ అంటారు. మంత్రులైనవారిలో కూడా నాన్ బోర్డర్లు ఉన్నారని హాస్టల్ పిల్లలు గొప్పగా చెప్పుకొనేవారు.

ఆ అర్ర దొరకడానికి ముందు పదకొండు రోజులు తిరిగినాను. ఒక ఇంటి దగ్గర “టు లెట్” బోర్డు చూసి అడిగితే, పెద్దమనిషి కిరాయి చెప్పినాడు, నల్లా చూపించినాడు, ఊరు అడిగినాడు. ఆఖరున పేరు అడిగినాడు. చెప్పినాను. “అయ్యో బాబూ, నిన్ననే వేరేవాళ్ళకు మాటిచ్చినం” అన్నాడు. వారం తరువాత అదే గల్లీలో పోతే బోర్డు అట్లనే వేలాడుతున్నది. ఇట్లాంటివి మూడు జరిగినవి.

చివరకు విద్యానగర్‌లో ఒక రిటైర్డు టీచరమ్మ ఇచ్చినారు. “మాంసం వండొద్దు, పది దాటితే గేటు తియ్యను, ఒప్పుకుంటే రండి” అన్నారు. ఒప్పుకొన్నాము. ఆ శీతాకాలం రంజాన్ నెలలో మాకు అలారం గడియారం లేదు. నల్లా నాలుగింటికి వచ్చేది. నీళ్ళు పట్టుకొనుటకు ఆమె ఎట్లాగూ లేచేవారు. లేచి మా కిటికీ ఊచ మీద చెంచాతో కొట్టేవారు. “లేవండ్రా, మీ టైమైంది.” నెలంతా ఒక్క రోజు తప్పలేదు. కిరాయి మాత్రం ఐదో తారీఖు దాటితే ఒక్క రూపాయి తగ్గించలేదు. అదీ చెప్పవలెను కదా.

ఈ పేటలో ఉన్నవారికి ఇబ్బందులు లేవని నేననను. పరీక్షల తరువాత అర్ధరాత్రి కేకలు. నోటిఫికేషన్ పడితే కిరాయి పెరుగుట, ఫలితాలు రాగానే అర్రలు ఖాళీ అగుట. 1969లోను, 2009 చివరలోను తెలంగాణ ఉద్యమం జరిగినప్పుడు ఈ గల్లీలవారు కూడా నిదురపోలేదు. ఇప్పుడు అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట వైపు పెద్ద పెద్ద ప్రైవేటు హాస్టళ్ళు వచ్చినవి. అక్కడ అర్ర కాదు, మంచం కిరాయికిస్తారు. ఆడపిల్లలకు కూడా హాస్టళ్ళు ఉన్నవి, అది ఒక మేలు. మా కాలంలో జిల్లా నుండి ఆడపిల్లను ఒంటరిగా పంపినవారు మా బిరాదరీలో నాకు తెలిసి ఇద్దరే.

ఇక ఒక మాట చెప్పకుంటే ఈ వ్యాసం సగమే అవుతుంది. నేను ఉద్యోగంలో చేరి, జమిస్తాన్‌పూర్‌లో ఇల్లు కట్టి, మీద ఒక అర్ర వేసినాను. గేటుకు బోర్డు కట్టినాను: “ఫ్యామిలీకి మాత్రమే.” నాలుగేండ్ల కింద ఉట్నూరు దిక్కు నుండి ఒక గిరిజన పిల్లవాడు వచ్చి అడిగినాడు. గ్రూప్ పరీక్షలకు చదువుతున్నాడు. ఊరు అడిగినాను. పేరు అడిగినాను. “నిన్ననే మాటిచ్చినం బేటా” అన్నాను. ఆ మాట నా నోట్ల నుండి ఎట్లా వచ్చిందో నాకే తెలవదు. మెట్లు దిగి పోతున్న వాని చెప్పుల చప్పుడు మాత్రం తెలిసింది. లోపలికి పోతే మా ఇంటామె, “ఎవరికిచ్చిన్రు మాట?” అన్నది.

మన సంఘం ప్రతి ఏడు పిల్లలకు పుస్తకాల పైకం ఇస్తున్నది. చెక్కు ఇచ్చునప్పుడు ఫోటో తీస్తాము. ఆ పిల్లవాడు ఆ రాత్రి ఎక్కడ పడుకొంటాడని ఫారంలో ఒక్క గడి కూడా లేదు. ఈ సంగతి సర్వసభ్య సమావేశంలో ఎవరైనా లేవదీస్తే నేను రెండవ చెయ్యి ఎత్తుతాను. మొదటి చెయ్యి ఎత్తే ముఖం నాకు లేదని పైన వ్రాసినాను గదా.

మా మేడమీది అర్రలో పోయిన ఏడు నుండి ఇద్దరు పిల్లలు ఉంటున్నారు, ఒకడు నారాయణఖేడ్, ఒకడు ఆసిఫాబాద్. ఉట్నూరు పిల్లవాడు మళ్ళీ రాలేదు. వీళ్ళు మంచివాళ్ళే. నీళ్ళ ట్యాంకు నిండి పొర్లినా మోటారు ఆపడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు. రోజూ పొద్దున మా ఇంటామె కింద నుండి కేక వేయవలసిందే.