ఎడారి సింహం, పశువుల కాపరి

పులి ఏ వాగులో నీళ్లు తాగిందో మన పెద్దలు అడుగుజాడ చూసి చెప్పేవారు. మరి వాగే లేనిచోట సింహం ఎలా బతుకుతుంది? ఆఫ్రికాలోని నమీబియా చరిత్రలో దీనికి జవాబు ఉంది. గిరిజనులమైన మనం తెలుసుకోవలసిన చరిత్ర అది.

నమీబ్ ఎడారి అట్లాంటిక్ సముద్రం ఒడ్డున ఉంది. తీరంలో చాలాచోట్ల ఏడాదికి 20 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. హోవానిబ్ వంటి ఏర్లు ఎగువన వాన పడినప్పుడు కొన్నాళ్లే పారతాయి. ఇసుక కింద మిగిలిన నీటితో ఏటి వెంట చెట్లు బతుకుతాయి. ఆ పచ్చదనం కోసం ఓరిక్స్ జింకలు, జీబ్రాలు, నిప్పుకోళ్లు వస్తాయి. వాటి కోసం సింహాలు వస్తాయి. సింహానికి కావలసిన నీరు చాలావరకు వేట నెత్తుటిలో, మాంసంలో దొరుకుతుంది. అది పగలు నీడన పడుకుని ఒంట్లో తేమ కాపాడుకుంటుంది, చల్లబడ్డాక వేటకు లేస్తుంది. వేట తక్కువ కాబట్టి గుంపులు చిన్నవి, తిరిగే నేల వేల చదరపు కిలోమీటర్లు. తీరం చేరినవి సీళ్లను, నీటికాకులను కూడా పట్టి తింటాయి.

అయితే ఈ ఓర్పు ఒక్కటే సింహాన్ని కాపాడలేదు. అక్కడ హింబా, హెరెరో, డమారా ప్రజలు పశువులు కాచుకుని బతుకుతారు. అప్పటి దక్షిణాఫ్రికా తెల్లవారి పాలనలో అడవి జంతువుల మీద వారికి హక్కు లేదు. 1980ల మొదట్లో ఘోరమైన కరువు వచ్చింది. పశువులు వేలాదిగా చచ్చాయి, జింకలూ తగ్గాయి. ఆకలిగొన్న సింహాలు మిగిలిన మందల మీద పడ్డాయి. కాపరులు వాటిని చంపారు. 1990 ప్రాంతానికి తీరంలో సింహం కనబడకుండా పోయింది. 1997లో ఆ ఎడారిలో మిగిలినవి సుమారు 20.

ఆ కరువు రోజుల్లోనే మరో పని మొదలైంది. ఏనుగులను, ఖడ్గమృగాలను దొంగవేట నుంచి కాపాడడానికి గార్త్ ఓవెన్-స్మిత్ అనే ఆయన జాషువా కంగోంబె వంటి పెద్దలతో కూర్చుని మాట్లాడాడు. పెద్దలు తమ మనుషుల్లోంచే కాపలాదారులను ఎంచారు. అడుగుజాడలు చదవడం వాళ్లకు ఎవరూ నేర్పనక్కర లేదు. దొంగవేట తగ్గింది, జింకలు మళ్లీ పెరిగాయి. 1990లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. 1996 చట్టం వన్యప్రాణుల నిర్వహణలో, వాటివల్ల వచ్చే ఆదాయంలో ఊళ్లకు హక్కు ఇచ్చింది. ఆ తర్వాతి ఏళ్లలో సింహాలు తిరిగి తీరం చేరాయి.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. నేటికీ సింహం ఆవును పడితే ముందు నష్టపోయేది కాపరే. అందుకే స్థానిక యువకులు సింహాల కదలికలు కనిపెట్టి ఊళ్లను హెచ్చరిస్తున్నారు.

నల్లమలలో పులుల మధ్య బతికిన చెంచుల సంగతి మనకు తెలుసు. జంతువు బతకాలంటే మనిషి లేచిపోవాలనే మాటా మనం విన్నాం. నమీబ్‌లో ఆ నేల మనుషులకు హక్కు దక్కాకే సింహం తిరిగి వచ్చింది. ఉపాధ్యాయులు సింహం ఓర్పు గురించి చెప్పేటప్పుడు, ఆ కాపరి ఓర్పు గురించీ పిల్లలకు చెప్పాలి.