తాలూకా ఇక్కడ, రైలు అక్కడ

పేట అనగా అంగళ్ళ ఊరు. చుట్టుపక్కల పల్లెలవారు ప్రొద్దున నడిచి వచ్చి, పనులు చక్కబెట్టుకొని, చీకటి పడకముందే ఇల్లు చేరగలిగినంత దూరమే అటువంటి ఊరికి సహజమైన ఎల్ల. గోదావరికి ఉత్తరాన వెలసిన లక్సెట్టిపేట ఏ శెట్టిగారి పేరు మోస్తున్నదో ఆ చర్చ మరొకనాటికి వదలుదాము. దాని ఎల్ల మాత్రం ఇదే. నిజాం ఏలుబడిలో అది తాలూకా కేంద్రము. మంచిర్యాల చాలాకాలం ఆ తాలూకాలోని ఒక ఊరు.

నేడు వరుస తలక్రిందులైనది. 2016 అక్టోబరు 11న మంచిర్యాల జిల్లా కేంద్రమైనది. లక్సెట్టిపేట అందులో ఒక మండలముగా, 2018 నుండి పురపాలక సంఘముగా ఉన్నది. ఈ మార్పునకు బీజము పడినది రైలుపట్టాల మీద. కాజీపేట–బల్లార్షా మార్గము 1929లో పూర్తియై, మద్రాసును ఢిల్లీతో నేరుగా కలిపినది. ఆ పట్టాలు రామగుండం దాటి, గోదావరిని దాటి, మంచిర్యాల మీదుగా బొగ్గునేలకు సాగిపోయినవి. తాలూకా కచ్చేరి ఒకచోట, స్టేషను దాదాపు ముప్పది కిలోమీటర్ల అవతల ఇంకొకచోట! తరువాతి కాలపు పెద్దపల్లి–నిజామాబాదు మార్గము కూడ నదికి దక్షిణాన కరీంనగరం, జగిత్యాల మీదుగానే సాగి, 2017లో నిజామాబాదు చేరినది. రెండు రైలుమార్గాల నడుమ మా పేట మిగిలిపోయినది.

ఈ లోటును కొంత తీర్చినది బస్సు. చదువరులలో ఎందరు ఎరుగుదురో కాని, మన ప్రభుత్వ బస్సులకు జన్మస్థానము రైల్వే శాఖయే. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఆరంభించినది. రైలుకు, బస్సుకు యజమాని ఒక్కడే. ఒకదానికొకటి పోటీ కాక, పట్టాలు చేరని ఊరికి చక్రాలు చేరుటకు అవకాశమున్న ఏర్పాటు అది. ఆ వారసత్వమే 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు, దాని నుండి నేటి తెలంగాణ సంస్థకు సంక్రమించినది. రైలూ బస్సూ ఒక్క లెక్కలో చూచే ఆలోచన మాత్రం దారిలో ఎక్కడో జారిపోయినది. ఇప్పుడు బస్సు దిగినవానికి రైలు దొరకడం వాని అదృష్టము.

పాత తాలూకా ఊళ్ళలో ఒక సుగుణము ఉండేది. బస్సు దిగితే కచ్చేరి, బడి, దవాఖాన, అంగడి అన్నీ కాలినడక మేరలోనే. దానిని ఎవరూ పట్నాల ప్రణాళిక అనలేదు. నేను పాఠాలు చెప్పిన రోజులలో పల్లెల నుండి వచ్చే ఆడపిల్లల చదువును నిర్ణయించినది తెలివితేటల కంటె సాయంకాలపు బస్సు వేళయే. బస్సు తప్పినా ఊరి తొవ్వ నడవగలిగినంత ఉంటే ఆ పిల్ల పదవ తరగతి దాటేది. లేకుంటే ఏడవతోనే పుస్తకము మూసేది.

దూరదేశపు మాట ఒకటి. బ్రెజిల్‌లోని కురిటీబా నగరము 1974లో బస్సులకు ప్రత్యేక దారులు వేసి, ఎత్తైన కట్టడాలను ఆ దారుల వెంటనే ప్రోత్సహించినది. లోకమంతా మెచ్చుకొన్నది. అయితే బస్సుదారి ప్రక్కన నేల వెల పెరిగి, పేదవారు శివారులకు జరిగిపోయినారన్న విమర్శ కూడ వెంటనే ఉన్నది. నడక అందరిదైనా, నడవగలిగిన చోట ఇల్లు కొనగలిగినవారు కొందరే. మన కేంద్ర ప్రభుత్వము కూడ 2017లో ఇట్టి విధానమొకటి ప్రకటించి, స్టేషను చుట్టూ అయిదువందల నుండి ఎనిమిదివందల మీటర్ల నడక దూరాన్ని లెక్కలోకి తీసుకొన్నది. అందులోని దృష్టి ముఖ్యముగా మెట్రోలు గల మహానగరాల మీదనే. మా వంటి పేటల బస్టాండు దాని కంటికి ఆనలేదు.

ఇంతలో మనమేమి చేస్తున్నాము? మంచిర్యాల జిల్లా సమీకృత కార్యాలయము 2023 జూన్‌లో నస్పూరులో ప్రారంభమైనది. భవనము విశాలమైనదే. కాని లక్సెట్టిపేట నుండి పింఛను పని మీద వెళ్ళే ముసలమ్మ మంచిర్యాల బస్టాండులో దిగి, మళ్ళీ ఆటో వెదకుకోవాలి. అదే ఏడు డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకము కింద ఆడవారికి బస్సు ఉచితము. ఆ రూపాయి బస్సులో మిగిలి ఆటోలో ఖర్చయితే ఏమి లాభము? ఇక నాలుగు వరుసల రహదారులు ఊళ్ళను తప్పించుకొని పోవడం నేటి రీతి. దూరపు బస్సులు ఊరిలోనికి రాక ఆ కూడలిలోనే దింపడం మొదలుపెడితే, అంగళ్ళూ కూడలికి పోతాయి. నీడలేని ఆ దారిలో నడిచేది ఎవరో చెప్పనక్కరలేదు.

ఆర్మూరు, జగిత్యాలల మీదుగా మంచిర్యాలకు సాగే 63వ జాతీయ రహదారి రాయపట్నం వంతెన దాటి మా ఊరికి వస్తుంది. పురపాలక సంఘము వారు రేపు పటము గీయునపుడు, ఆ రహదారి వెడల్పు కంటె ముందు బస్టాండు నుండి దవాఖానకు, దవాఖాన నుండి కళాశాలకు రెండు గీతలు గీసి, వాటి మీద చెట్లు నాటుటకు జాగా విడిచి, పేదల ఇండ్ల స్థలాలను ఆ గీతల ప్రక్కనే చూపాలని నా కోరిక. స్థలము చవకగా దొరుకుతున్నదని ఊరి చివర చూపితే, ఆ మిగులు ఆటో కిరాయిగా వారి సంచిలోనుండే పోతుంది.