“చూడు” అన్న మాట చరిత్ర: కడప బంగళా నుండి సింబాలిక్ లంకె వరకు

ప్రోగ్రాములు వ్రాసే బ్లాగ్మిత్రులకు ఈ చిక్కు పరిచితమే. ఎడిటరులో ఒక ఫంక్షను పేరు మీద కర్సరునుంచి, దాని నిర్వచనం దగ్గరకు తీసుకుపొమ్మంటాము. తెరుచుకున్న ఫైలు పేరు మనదే, దారి మాత్రం వేరు. ఒక్కొక్కప్పుడు ఒకే నిర్వచనానికి రెండు చిరునామాలు చూపి ఏది కావాలని అడుగుతుంది. మరొకప్పుడు అసలు లేదనే అంటుంది. ప్రాజెక్టులో ఎక్కడో ఒక సింబాలిక్ లంకె, అనగా మరొక దారిని చూపడమే పనిగా గల ఒక ఫైలు, ఉన్నప్పుడు ఈ మూడూ సంభవిస్తాయి.

ఒకే వస్తువుకు రెండు దారులుండడం, సూచికకు వాటిలో ఒకటే తెలియడం: ఈ చిక్కు కలనయంత్రాల కన్న ముసలిది. మన సీమలో దీనితో పెనగులాడినవారిలో సి.పి. బ్రౌనుది పెద్ద పేరు.

బ్రౌను 1820లో కడపకు వచ్చాడు. మధ్యలో బందరు వెళ్ళి తిరిగి వచ్చిన పిదప ఇక్కడ బంగళా కొని, పండితులను, లేఖకులను సొంత సొమ్ముతో పోషించాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ వ్యవహారమంతా చూసేవాడు. ఊరూరి నుండి తాళపత్రాలు తెప్పించడం, ఎత్తి వ్రాయించడం, ప్రతిని ప్రతితో పోల్చడం అక్కడి పని. వేమన పద్యాలు ఎంతటి పరీక్ష పెట్టి ఉంటాయో ఊహించవచ్చు. ఒక ప్రతిలో పద్యం మొదటి పదం ఒకటి, మరొక ప్రతిలో వేరొకటి. అకారాది సూచికలో మొదటి పదం మారితే చోటే మారిపోతుంది. ఒక పద్యం రెండై కూర్చుంటుంది. పోల్చి చూచే మనిషి లేకపోతే లెక్క ఎంతకైనా పెరుగుతుంది. 1829లో అచ్చయిన సంపుటంలో పద్యాలు 693, 1839 నాటి కూర్పులో 1164. ఆ పెరుగుదలలో అధికభాగం కొత్తగా సేకరించినవే గాని, ఏది కొత్త, ఏది పాతదానికే మారుపేరు అని తేల్చిన శ్రమ ఆ అంకెలలో కనిపించదు.

1852 నాటి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో బ్రౌను ఈ సంగతికి ఒక మర్యాద ఏర్పరచాడు. రూపభేదం గల పదానికి అర్థం మళ్ళీ వ్రాయకుండా, ఫలానా పదం చూడుమనో, దానితో సమానమనో పాఠకుణ్ణి పంపించాడు. ఇటువంటి ఆరోపాన్నే నేడు మనం సింబాలిక్ లంకె అంటున్నాము. అచ్చు పుస్తకంలో అది మోసం చేయదు. పుట తిప్పేవాడికి తాను వేరొక చోటికి పోతున్నానని తెలుసు.

యూనిక్సులో ఆ ఎరుక పోయింది. ఇక్కడ కాలక్రమం గమనించదగినది. బర్క్లీలో కెన్ ఆర్నాల్డ్ వ్రాసిన సీట్యాగ్స్ 1979 నాటి మూడవ బీయెస్డీతో వచ్చింది. అది తయారు చేసే సూచికలో ఒక్కొక్క వరుసకు మూడే ముక్కలు: పేరు, ఫైలు దారి, ఆ ఫైలులో వెదకవలసిన పాఠం. బిల్ జాయ్ వ్రాసిన వీఐ ఎడిటరు దాన్ని చదివి దూకేది. బీయెస్డీలో సింబాలిక్ లంకెలు విడుదలైనది 1983లో, 4.2 కూర్పుతో. అంటే సూచిక ముందు పుట్టింది, మారుదారులు వెనుక వచ్చాయి. దారి పేరే ఫైలు అన్న పాత నమ్మకం సూచికలో అట్లే నిలిచిపోయింది.

అసలు తిరకాసు రెండు చుక్కల దగ్గర ఉంది. రెండు చుక్కలంటే పై డైరెక్టరీ. లంకె గుండా లోపలికి పోయి పైకి రమ్మంటే, షెల్లు సాధారణంగా మనం వచ్చిన దారిననే వెనక్కి తెస్తుంది. కెర్నెలు మాత్రం అసలు డైరెక్టరీ ఎక్కడుందో దాని తలిదండ్రి వద్దకు చేరుస్తుంది. సూచికలోని సాపేక్షమైన దారి ఒక లెక్కన వ్రాయబడి వేరొక లెక్కన చదవబడితే ఎడిటరు దారి తప్పక ఏమి చేస్తుంది? రాబ్ పైక్ 2000లో దీని మీద ఒక పత్రమే వ్రాశాడు. ప్లాన్ 9లో ఆయన బృందం సింబాలిక్ లంకెలను పెట్టనే లేదు. మనకు ఆ వైభోగం లేదు.

కనుక చేయదగినది ఇది. మొదట రియల్‌పాత్ ఆజ్ఞతో ఫైలు నిజమైన దారి తెలుసుకోవాలి. సూచికను ఆ దారి నుండే కట్టాలి. ఎగ్జుబరెంట్ సీట్యాగ్స్ లంకెలను అనుసరించడం దాని సహజగుణం. ఒకే చెట్టులో అసలూ లంకే రెండూ ఉంటే ప్రతి నిర్వచనం జంటగా వస్తుంది, కాబట్టి లింక్స్ అన్న ఐచ్ఛికాన్ని ‘నో’ చేయాలి. ఈమాక్స్ వాడేవారు ఫైండ్-ఫైల్-విజిట్-ట్రూనేమ్ అన్న చలరాశిని ‘టీ’ చేస్తే ఏ దారిన తెరిచినా నిజనామమే పెట్టుకుంటుంది. ఒకదాన్ని సరిచేసి రెండవదాన్ని వదిలితే ఫలితం లేదు. వ్రాసేవాడు, చదివేవాడు ఒకే పేరును నమ్మాలి. కడప బంగళాలో పండితులు చేసినదీ ఇదే.

లంకె ఉండి గమ్యం లేకపోవడం మరొక రకం. దానికి కర్నూలు వైపు పోవాలి. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం నిండగా నందికొట్కూరు, ఆత్మకూరు ప్రాంతాల ఊళ్ళు మునిగాయి. సంగమేశ్వరం వాటిలో ఒకటి. 2022 నుండి ఆ చోటు నంద్యాల జిల్లాలో ఉంది. ముంపు ప్రాంతపు రూపాల సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి కర్నూలు చెంత జగన్నాథగట్టు మీద మళ్ళీ కట్టారు. నదుల సంగమం దగ్గరి గుడి మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు సంగమేశ్వరుడెక్కడంటే ఏ దారి చెప్పాలి? పాత పట్టికలలో ఊరి పేరు చెక్కుచెదరక ఉంది. ఆ పేరు పట్టుకుని పోయినవాడికి ఏడాదిలో చాలాకాలం నీళ్ళు కనబడతాయి. వేసవిలో జలాశయం మట్టం తగ్గినప్పుడు శిఖరం బయటపడుతుంది, పిదప గర్భగుడి, వేపదారు శివలింగం. పూజారి దీపం వెలిగిస్తాడు. కృష్ణకు వరద వచ్చేవరకు ఆ చిరునామా పనిచేస్తుంది.