గంజాయి విచారణ సంఘం

ఇండియాలో గంజాయి వాడకం వల్ల ప్రజలు చెడిపోతున్నారనీ, దానిపై విచారణ జరగాలనీ 1893లో బ్రిటిషు పార్లమెంటులో కెయిన్ అనే సభ్యుడు అడిగాడు. ప్రభుత్వం చిక్కున పడింది. గంజాయిపై పన్ను ఖజానాకు చేరుతూ ఉండేది. కృష్ణా జిల్లాలో కూడ ఆ పంట ఉండేది. నిషేధిస్తే రాబడి పోతుంది. ఊరకుంటే ప్రజలకు పిచ్చి పట్టించి సొమ్ము చేసుకొంటున్నారనే నింద. ఆ సంవత్సరమే మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడుగా ఏడుగురి విచారణ సంఘం ఏర్పడింది. సభ్యులను ఎన్నుకొన్నదీ, ఖర్చు పెట్టుకొన్నదీ ప్రభుత్వమే. అటువంటి సంఘం నిష్పక్షపాతంగా ఉండగలదా అని ఎవరికైనా అనుమానం కలుగుతుంది.

గంజాయి పిచ్చికి కారణమనడానికి అప్పట్లో చూపే గట్టి సాక్ష్యం పిచ్చాసుపత్రుల లెక్కలు. విశాఖపట్నంలో కూడ అటువంటి ఆసుపత్రి ఒకటి ఉండేది. 1892లో దేశంలోని ఈ ఆసుపత్రులలో చేరిన 1,344 మందిలో 222 మందికి గంజాయి, భంగు వంటివే కారణమని రిజిస్టర్లు చెప్పాయి. అంటే దాదాపు ఆరుగురిలో ఒకరు!

సంఘం ఈ అంకెను నమ్మి ఊరుకోలేదు. ఒక్కొక్క రోగి కాగితాలూ తిరిగి పరిశీలించింది. రోగిని ఆసుపత్రికి పంపేటప్పుడు నింపే పత్రంలో పిచ్చికి కారణం వ్రాయవలసిన గడి ఒకటి ఉండేది. రోగి ఎప్పుడో చిలుము పీల్చాడని ఎవరైనా అంటే చాలు, పోలీసులు అందులో గంజాయి అని వ్రాసేవారు. ఆసుపత్రివారు దానినే రిజిస్టరులోకి ఎక్కించేవారు. ఏటేటా ఆ అంకెలే నివేదికలలో అచ్చయ్యేవి. (గడి ఖాళీగా ఉండరాదని ఏదో ఒకటి వ్రాయడం బడిపిల్లల ప్రయోగ పుస్తకాలలోనూ చూస్తాము.) వడపోయగా 222లో మిగిలినవి 98. వానిలోనూ 37 మందికి ఇతర కారణాలు కలిసి ఉన్నాయి. గంజాయి వంటివి మాత్రమే కారణమనదగినవారు 61 మంది.

అంతమాత్రాన గంజాయి నిరపాయమని కాదు. చిన్న వయస్సులో మొదలుపెట్టి ఎక్కువగా వాడేవారికి మనోవ్యాధి ప్రమాదం హెచ్చని నేటి వైద్య పరిశోధనలు చూపుతున్నాయి.

1,193 మంది సాక్షుల వాఙ్మూలాలు తీసుకొని సంఘం 1894లో నివేదిక ఇచ్చింది. మితమైన వాడకం వల్ల చెప్పుకోదగిన హాని లేదు, అతిగా వాడితే హాని ఉంది, పూర్తి నిషేధం వద్దు, పన్నుతో అదుపు చేయాలి అన్నది దాని సారాంశం. ఇది ఖజానాకు సరిగ్గా నచ్చే మాట. రిజిస్టర్ల పరిశీలన నిజాయితీగా జరిగిందనే చెప్పాలి. కాని పన్ను పుచ్చుకొనేవాడే విచారణ జరిపించాడన్న మాటా కొట్టివేయలేము. సంఘంలోని ముగ్గురు భారతీయులలో హర్నాంసింగ్ నివేదికతో ఏకీభవించాడు. శశిశేఖరేశ్వర రాయ్, నిహాల్‌చంద్ ఏకీభవించలేదు. వారి అసమ్మతి పత్రాలను కూడ ప్రభుత్వం నివేదికతోపాటే అచ్చు వేసింది.