ఔటర్ పక్కన ఆముదం

తొండుపల్లి దగ్గర ఔటర్ సర్వీసు రోడ్డు మీద బండి ఆపి దిగండి. నెత్తిమీదుగా విమానం చక్రాలు చాచుకుని శంషాబాద్‌లో దిగబోతోంది. పక్క ఖాళీ ప్లాటులో హద్దురాళ్ల నడుమ ఆముదం చెట్టు ఎవరూ వేయకుండానే మొలిచింది. ఎర్రటి కాడలు, ముళ్లకాయల గెల. ఎండిన కాయ చిట్లి ఓ గింజ మీ కాళ్ల దగ్గర పడుతుంది. చారలతో, నున్నగా, రక్తం తాగి ఉబ్బిన పిడుదులా ఉంది.

మేకల వెంట వచ్చిన పిల్లాడు దాన్ని నోటిదాకా తెస్తాడు. వెనక నుంచి అవ్వ కేక: "నోట్లె వెట్టకు బిడ్డా, కక్కి సస్తవ్!"

అది ఉత్త బెదిరింపు కాదు. గింజలో రైసిన్ అనే ప్రొటీన్ ఉంది. నమలకుండా మింగితే గట్టి పెంకు వల్ల గింజ అలాగే బయటికి పోవచ్చు. కొరికితేనే ముప్పు. కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోసోములను ఒక్క రైసిన్ అణువు నిమిషానికి వెయ్యికి పైగా పాడుచేయగలదు. గంటల్లోనే వాంతులు, కడుపునొప్పి, రక్తవిరేచనాలు మొదలై ఒంట్లో నీరు పోతుంది, బీపీ పడిపోతుంది. విరుగుడు మందు లేదు. 1978 సెప్టెంబరులో లండన్‌లో బల్గేరియా రచయిత గియోర్గి మార్కోవ్ తొడలోకి రెండు మిల్లీమీటర్లు కూడా లేని గుండు దూరింది. నాలుగో రోజుకు చనిపోయాడు. అందులో ఉన్నది రైసినేనని పరిశోధకులు నిర్ధారణకొచ్చారు.

మరి మన అమ్మమ్మలు పట్టించిన ఆముదం సంగతేమిటి? అవ్వనే అడగండి. "గింజలు ఏంపి, దంచి, నీళ్లల్ల మసలవెడితే నూనె మీదికి తేల్తది." ఆ వేడికి రైసిన్ చెడిపోతుంది. పైగా అది నూనెలో కరగదు, పిప్పిలోనే ఉండిపోతుంది. రైసిన్ పేరైనా వినని ఆడవాళ్లు పొయ్యి దగ్గర నడిపిన పద్ధతి ఇది. నాకైతే లండన్ కథకన్నా ఇదే అబ్బురం. వేడి చూపించకుండా గానుగాడిన చెక్క మాత్రం పశువులకు పెట్టకూడదు, చేనుకు ఎరువుగా వేస్తారు.

ఇక్కడికి దగ్గర్లోనే, రాజేంద్రనగర్‌లో, భారత నూనెగింజల పరిశోధన సంస్థ ఆముదం మీద పనిచేస్తోంది. పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రం క్రాంతి, హరిత అనే ఆముదం రకాలిచ్చింది. పాలమూరు, నల్లగొండ ఎర్రచెలకల్లో ఆముదం చాలాచోట్ల పత్తికి చోటిచ్చేసింది. ఖాళీ ప్లాట్లలో మాత్రం తనంతట తానే పెరుగుతోంది.

మీ పిల్లలు గింజ కొరికారని తెలిస్తే ఉప్పునీళ్లు పోసి కక్కించకండి. వాంతులు మొదలయ్యేదాకా ఆగకండి. మిగిలిన గింజలు చేతపట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.