డ్రైవర్ నెత్తిమీది కప్పు

రాయికోడ్ నుంచి జహీరాబాద్ బజారుకు వచ్చే కొత్త కార్లలో చాలావాటికి ముందు అద్దం పైన, కప్పుకు ఆనుకుని ఓ ప్లాస్టిక్ పెట్టె కనిపిస్తుంది. లైట్లు, కళ్లద్దాలు పెట్టుకునే అర, ఫోన్ మాటలకు మైకు, సన్‌రూఫ్ ఉంటే దాని స్విచ్చి అన్నీ అందులోనే. పేరు ఓవర్‌హెడ్ కన్సోల్. దాన్ని విరక్కుండా ఊడదీయడం ఇప్పుడొక పనితనం. వెనకటి మేస్త్రీలకు ఈ తంటా లేదు.

అప్పట్లో లారీ అంటే కంపెనీ నుంచి ఇంజనూ చాసిస్సే వచ్చేవి. క్యాబిన్ కట్టేది వడ్రంగులు. విజయవాడ ఆటోనగర్ ఈ బాడీ బిల్డింగ్‌తోనే పేరు తెచ్చుకుంది. కప్పుకు లోపల రెగ్జిన్ కొట్టేవారు. మేకులూ స్క్రూలూ పైకే కనపడేవి. విప్పడానికి స్క్రూడ్రైవర్ చాలు. చిరిగితే ఇంకో ముక్క వేసేవారు, అంతే.

ఫ్యాక్టరీలోనే రేకుతో తయారైన క్యాబిన్ జహీరాబాద్‌కు ఆల్విన్ పుణ్యమా అని వచ్చింది. నిజాం ప్రభుత్వపు ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్, అల్లాద్దీన్ అండ్ కంపెనీ కలిసి 1942లో పెట్టిన సంస్థ అది. హైదరాబాద్ డబుల్ డెక్కర్ బస్సుల బాడీలు, ఫ్రిజ్‌లు, గడియారాలు దాని చేతిమీదుగా వచ్చినవే. 1980లలో జపాన్ కంపెనీలు చిన్న లారీలతో మన దేశంలోకి దిగాయి. టయోటా డీసీఎంతో, మజ్దా స్వరాజ్‌తో, మిత్సుబిషి ఐషర్‌తో జట్టు కడితే, నిస్సాన్ ఆల్విన్‌తో కలిసింది. అప్పటి మెదక్ జిల్లాలోని జహీరాబాద్‌లో క్యాబ్‌స్టార్ లారీలు తయారయ్యాయి. 1989లో ఆ లారీల కంపెనీ మహీంద్రా చేతికి వెళ్లింది. తర్వాత అదే ఊళ్లో మూడు చక్రాల బళ్లు, ట్రాక్టర్లు కూడా మొదలయ్యాయి. చాలా ట్రాక్టర్లకు కప్పే ఉండదు, ఇక కన్సోల్ మాట ఎక్కడిది!

కన్సోల్ అసలు అమెరికా కార్ల సరదా. 1966 ఫోర్డ్ థండర్‌బర్డ్‌లో హెచ్చరిక దీపాల పలకను డ్రైవర్ నెత్తిమీద పెట్టారు. మనకు 1983 చివర్లో రోడ్డెక్కిన మారుతి 800లో కప్పుకు ఉన్నది చిన్న లైటే. కార్లలో హంగులు పెరిగినకొద్దీ ఆ లైటు పెట్టెగా మారింది. అందంగా కనపడాలని స్క్రూలను మూతల వెనక దాచారు, మిగతా చోట్ల క్లిప్పులు బిగించారు. చిక్కంతా అక్కడ మొదలైంది.

చేయి తిరిగిన మెకానిక్ ముందు చేతులు కడుక్కుంటాడు. కప్పు లైనింగ్‌కు గ్రీజు మరక పడితే పోదు, మడత పడితే సాపు కాదు. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేస్తాడు. లైటు మీది అద్దాన్ని ప్లాస్టిక్ పుల్లతో మీటుతాడు. స్క్రూడ్రైవర్ పెడితే అంచు చెదురుతుంది. స్క్రూలు చాలా కార్లలో ఆ అద్దం కిందో, కళ్లద్దాల అర లోపలో దొరుకుతాయి. అవి తీశాక పెట్టెను పక్కలకు ఊపకుండా తిన్నగా కిందికి లాగాలి. చలికి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. కోహీర్ వైపు డిసెంబరు పొద్దుల్లో బండిని కాసేపు ఎండలో ఉంచి మొదలుపెట్టడమే మేలు. పెట్టె ఊడగానే చేత్తో గుంజితే వైర్లు తెగుతాయి. కనెక్టర్ నాలుక నొక్కి విడదీయాలి. లైనింగ్ అంచులను మాత్రం కదపకూడదు, కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉన్న బళ్లలో అవి అక్కడే ఉంటాయి.

చాలామంది మరిచేది ఇనుప క్లిప్పుల్ని. పెట్టె ఊడివచ్చినా ఒకటో రెండో కప్పు రంధ్రాల్లోనే ఉండిపోతాయి. వాటిని పటకారుతో తీసి, మళ్లీ పెట్టెకే తొడిగి బిగించాలి. అలా తీయకుండా పెట్టెను పైకి నెడితే క్లిప్పు కప్పుకూ లైనింగ్‌కూ మధ్య జారుతుంది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా టకటకమంటుంది. దాన్ని బయటికి తీయాలంటే లైనింగ్ దించాల్సి రావచ్చు, అది పూట పని.