రెండోసారి రాసిన కన్యాశుల్కం

కన్యాశుల్కం అనగానే మనలో చాలామందికి గిరీశం గుర్తొస్తాడు. 1955లో వచ్చిన సినిమా చూసినవారికి మధురవాణిగా సావిత్రి కూడా కళ్లముందు మెదులుతుంది. అయితే గురజాడ అప్పారావుగారు ఈ నాటకాన్ని రెండుసార్లు రాశారన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు.

నాటకాన్ని విజయనగరంలో మొదటిసారి ఆడింది 1892లో, అచ్చువేసింది 1897లో. అంకితం ఆనందగజపతి మహారాజుగారికి. డబ్బు పుచ్చుకుని ఆడపిల్లల్ని పెళ్లికిచ్చే ఆచారంపై ఆయన లెక్కలు తీయిస్తే, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో 1034 పెళ్లిళ్లు తేలాయని గురజాడే పీఠికలో రాశారు. ఆ దురాచారాన్ని ఎండగట్టడానికి పుట్టిన నాటకాన్ని జనం మెచ్చారు. ఇక చేయాల్సిందేముంది?

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకో సూత్రం ఉంది: నడుస్తున్న ప్రోగ్రాం జోలికి పోవద్దు. గురజాడ పోయారు! 1909 నాటి రెండో కూర్పులో అచ్చుతప్పులు దిద్ది ఊరుకోలేదు. అయిదు అంకాలు ఏడయ్యాయి, పుస్తకం బాగా లావెక్కింది. ఎడిటింగంటే కత్తిరింపే అనుకునేవారికి ఇది మింగుడుపడదు. (కొన్ని రంగాలు సాగాయనే నా అభిప్రాయం. నాటక సమాజాలు కూడా కుదించుకునే ఆడుతుంటాయి.)

పెరిగిన దాంట్లో ముఖ్యమైనది మధురవాణి పాత్ర. తొలికూర్పులో ఆమెకున్న చోటు తక్కువ. రెండోదానిలో కథ పగ్గాలు దాదాపు ఆమె చేతికే వచ్చాయి. చివరికి మారువేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది. ఆయన మంచివాడు, సంస్కర్త, వేశ్యలంటే గిట్టనివాడు. లుబ్ధావధాన్లుని కేసులోంచి తప్పించే నిజం మాత్రం ఆ వేశ్య దగ్గరే ఉంది. ఆమె మాటలకి పంతులుగారి నియమాలు ఉక్కిరిబిక్కిరవుతాయి. కన్యాశుల్కం పుచ్చుకునేవాళ్లని వేలెత్తి చూపిన నాటకం, ఇక్కడికొచ్చేసరికి సంస్కర్తలని కూడా నిలదీసింది. అందుకే, కన్యాశుల్కమనే ఆచారం మాసిపోయినా నాటకం మిగిలిందని నేననుకుంటాను.

మొదటిది బాగుందన్న చప్పట్ల మధ్య ఇంత మార్పు చేయడానికి గుండెధైర్యం కావాలి. పన్నెండేళ్ల ఓపిక కూడా కావాలి.

తొలికూర్పుని బంగోరె 1969లో మళ్లీ అచ్చువేయించారు. రెండు పుస్తకాలూ దొరికితే మొత్తం చదవకపోయినా ఫరవాలేదు. మధురవాణి ఉన్న రంగాలు మాత్రం పక్కపక్కన పెట్టుకుని చూడండి.